ఒత్తులో చుక్క

“పతివాది అంటే ఎవరండీ?” అని అడిగింది ఆమె, మొదటి పేజీలో మొదటి వరస దాటకుండానే.

భర్త అద్దం ముందు నిలబడి చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. “నువ్వే. విడాకుల అర్జీ పెట్టేది నేను. ఎదుటి పక్షం నువ్వు. కోర్టు భాష అలాగే ఉంటుంది.”

“కోర్టు భాషలో దాన్ని ప్రతివాది అంటారు. మీరు రావత్తు మింగేశారు. పతివాది అంటే తగువుకొచ్చిన మొగుడని. ఆ లెక్కన మీరు విడాకులు అడుగుతున్నది మీ దగ్గర్నుంచే.”

గోడవారగా పడక్కుర్చీలో కూర్చున్న అత్తగారు కిసుక్కున నవ్వింది. కొడుకు ఇటు తిరిగేసరికి ఆ నవ్వుని దగ్గులోకి దింపింది.

“నవ్వండి. నవ్వండి. ఇద్దరూ బాగా నవ్వండి,” అన్నాడాయన.

ఏదైనా మూడుసార్లు అనడం ఆయన ఉద్యోగం. బస్సుల స్టేషన్లో గాజుగదిలో కూర్చుని, ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికొస్తుందో, ఏది ఎంత ఆలస్యమో మైకులో చెబుతుంటాడు. అందుకని తెలిసినవాళ్ళంతా ఆయన్ని మైకు అనే పిలుస్తారు. గొంతు మాత్రం గొప్పది, కాదనడానికి లేదు. ఆ గొంతు విని మనసు పారేసుకుని ఆమె ఇరవై ఏళ్ళ కిందట ఈయన్ని చేసుకుంది. గొంతులో ఒత్తులు కనపడవు కదా మరి. పెళ్ళయిన నెలకి ఈయన రాసిన మొదటి ఉత్తరం చేతికొచ్చాక గాని సంగతి బయటపడలేదు. అందులో ‘ప్రియమైన’ అన్న ఒక్క మాటలోనే రెండు తప్పులున్నాయి.

ఆమె అచ్చాఫీసులో ప్రూఫ్‌రీడరు. ఒకళ్ళు రాసినదాంట్లో తప్పులు వెతికిపెట్టడమే బతుకు. మనసులో మాట ఎలా ఉన్నా చేతిలో ఎర్ర పెన్ను లేకుండా ఆమె కాగితం ముట్టుకోదు.

“ప్లీడరు చెప్పాడు కదా,” అంది పేజీ తిప్పకుండానే. “ఇద్దరూ కలిసి ఒకే అర్జీ పెట్టుకోండి, రెండు పేజీల్లో తేలిపోతుందని. వినొచ్చుగా!”

“నా బాధ రెండు పేజీల్లో ఇమడదు.”

“నాలుగింట్లో ఇమిడిందిగా. సంతోషం.”

“వెటకారం వద్దు. నువ్వు మాటిచ్చావు. పోయిన ఆదివారం ప్లీడరు గదిలో మాటిచ్చావు. మన పిల్ల, చుక్క, పక్కన కూర్చుని ఉండగా మాటిచ్చావు.”

“మూడుసార్లు అనక్కర్లేదురా,” అంది అత్తగారు. “మొదటిసారికే విన్నాం.”

మాటిచ్చిన సంగతి నిజమే. ఆదివారం ప్లీడరు గదిలో ఈయన బల్ల గుద్ది, నేనే వాదిని, నా కారణాలు నేనే రాసుకుంటాను, అన్నిటికీ నువ్వు ఒప్పుకుని సంతకం పెట్టాలి అని ఒంటికాలి మీద లేచాడు. ఆమెకి ఒళ్ళు మండింది. “మీరా, రాయడమా? తప్పు లేని పేజీ ఒక్కటి, ఒకే ఒక్కటి రాసుకురండి. అందులో ఏమున్నా సరే, కిమ్మనకుండా దాని కింద సంతకం పెడతాను,” అంది. ప్లీడరు ముసిముసిగా నవ్వాడు. బెంచీ చివర కూర్చున్న కూతురు మాత్రం నవ్వలేదు.

మైకు తప్పులేని పేజీ రాయడం జరిగేపని కాదు. ఆ ధీమాతోనే అంది ఆమె. ఆ ధీమాతోనే అచ్చాఫీసు వెనక సందులో రెండు గదుల వాటా కూడా మాట్లాడుకుంది. ఒక గదికి తూర్పు కిటికీ ఉంది. దాని కింద చుక్క చదువుకునే బల్ల పడుతుందో లేదో జానలతో కొలిచి మరీ చూసుకుంది. చుక్క తనతో రాదేమోనన్న ఆలోచన ఆమెకి కల్లో కూడా రాలేదు. ఈ మనిషి దగ్గర ఎవరుంటారు గనక?

“ఒకటో తారీకున నేనూ చుక్కా వెళ్ళిపోతాం,” అంది ఇప్పుడు. “తర్వాత తమరు ఎన్ని పేజీలైనా రాసుకోండి. దిద్దే దిక్కుండదు.”

ఆయన దువ్వెన బల్ల మీద పెట్టాడు. “నాలుగో పేజీ చూడు,” అన్నాడు.

“వరసలో చూస్తాను. నాకు పని నేర్పకండి.”

“నాలుగోది జాగర్తగా చూడు. సాయంత్రం నాలుగింటికి ప్లీడరు దగ్గరుండాలి. రేపు దాఖలు చేస్తాడట.”

లోపలి గదిలోంచి చుక్క వచ్చింది, భుజాన సంచీతో. పదిహేడేళ్ళ పిల్ల. అసలు పేరు కాలేజీ రికార్డుల్లో ఉంది, ఇంట్లో మాత్రం చుక్కే. చిన్నప్పుడు తల్లి ప్రూఫులు దిద్దుకుంటుంటే పక్కన చేరి, కనపడిన అక్షరానికల్లా చుక్క పెట్టేది. ఆ పేరు అలా వచ్చింది.

“అమ్మా,” అంది గుమ్మంలో నిలబడి. “ఆ కొత్తింటి విషయం. నేను రాత్రంతా ఆలోచించి ఒక నిర్నయం…”

“నిర్ణయం. ణ.”

“నిర్ణయం,” అంది చుక్క.

“ఊఁ, చెప్పు.”

చుక్క తల్లి చేతిలో కాగితాల వంక చూసింది. తండ్రి వంక చూసింది. “ఏం లేదులే. బస్సుకి టైమైంది,” అని చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

“బంగారంలాంటి పిల్ల,” అంది ఆమె, ఎర్ర పెన్ను మూత పెడుతూ. “ఒక్క మాట ఎక్కువ మాట్లాడదు. దేవుడి దయవల్ల ఆ గుణం మాత్రం మీ నుంచి రాలేదు.”

అత్తగారు కోడలి వంక అదోలా చూసి, కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకోవడం మొదలుపెట్టింది.

*

అచ్చాఫీసులో ప్రూఫుల గది అంటే గది కాదు, కాగితం బస్తాలకీ గోడకీ మధ్య మిగిలిన జాగా. రెండు బల్లలు, ఒక కంప్యూటరు, తిరిగినప్పుడల్లా మూలిగే ఫ్యాను. కంప్యూటరు ముందు కూర్చునే ఆపరేటరు ఆమెకంటే పదేళ్ళు చిన్నది. నోరు ఊరుకోదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆమె సంచీలోంచి ఆ కాగితాలు తియ్యగానే మెడ చాచింది.

“ఏంటక్కా, కొత్త మేటరా?”

“కొత్తదే. హాస్యం.”

“చదవవా?”

చదవకూడదని ఆమెకి తెలుసు. ఇంటి గుట్టు. కానీ పొద్దున్నుంచీ నవ్వు లోపల కుతకుతలాడుతోంది, పంచుకోకపోతే అరిగేలా లేదు.

“విను. ‘నా బార్య.’ ఒత్తు లేదు. పెళ్ళయ్యాక నేనింత తేలికైపోవడం ఇదే మొదటిసారి.”

ఆపరేటరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. “బావగారు విడాకులు నిజంగానే…”

“ఉండు, ఇది విను. ‘ఆమె నన్ను ఇరవై ఏళ్ళుగా అర్ధం చేసుకోలేదు.’ అర్ధం! సగం చేసుకోలేదట. చేసుకుని ఉంటే బాగుండేది, ఆ రెండో సగాన్ని వాళ్ళ అమ్మగారికి అప్పజెప్పేదాన్ని.”

ఈసారి ఆపరేటరు పగలబడి నవ్వింది. కాగితం బస్తాల అవతల ఎవరో ఏంటీ ఏంటీ అన్నారు.

“దీని కంటే ఘనమైనది ఉంది. ‘పతివాది నాకు తీరని మానసిక శోభ కలిగించింది.’”

“శోభా?”

“క్షోభ అనబోయాడు పాపం. నేను ఆయన మనసుకి శోభ తెచ్చానట. దీపాలూ తోరణాలూ కట్టానట. ఇది తీసుకెళ్ళి జడ్జి ముందు పెడితే, ఇంత మంచి ఇల్లాల్ని ఎందుకు వదులుకుంటున్నావయ్యా అని చివాట్లు పెట్టి పంపిస్తాడు.”

కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వుకున్నారు ఇద్దరూ. ఆ నవ్వులో ఆమెకి ఎక్కడలేని హాయి కలిగింది. ఇరవై ఏళ్ళుగా ఆ మనిషిని భరించినందుకు ఈ మాత్రం వేడుక తనకి రావలసిందే అనిపించింది. మొదటి పేజీలో ముప్పై ఒక్క తప్పులు. రెండో పేజీలో ఇరవై ఏడు. మూడో పేజీలో ఆయన తన ఓర్పుని పొగుడుకుంటూ ‘సహనం’ బదులు ‘సహవం’ అని రాసుకున్నాడు. ఆ పేజీ లెక్కే నలభై దాటింది. ‘వెల్లిపోమంది’ అన్నది ఒక్క పేజీలోనే అయిదుసార్లు. వెళ్ళడంలో ళ ఉంటుందని ఆయనకి ఈ జన్మలో తెలియదు. రోజుకి వందసార్లు ‘బస్సు వెళ్ళుచున్నది’ అని మైకులో చెప్పే మనిషి!

“నాలుగోది?” అంది ఆపరేటరు.

“ఇదే ఆఖరు. కూర్చో, మళ్ళీ నవ్వాలి.”

ఆమె చదివేటప్పుడు ఎర్ర పెన్ను మొన అక్షరాల కింద వరసగా జరుగుతుంటుంది. తప్పు రాగానే తనంతట తనే ఆగుతుంది. నాలుగో పేజీలో మొదటి వరస చివరిదాకా జరిగింది, ఆగలేదు. రెండో వరసలోనూ ఆగలేదు. ఆమె వెనక్కొచ్చి మళ్ళీ మొదలుపెట్టింది.

దస్తూరీ మైకుదే. ఆ పొడుగు తలకట్టులు, కుడివైపుకి ఒరిగిపోయే దీర్ఘాలు, అంతా ఆయనదే. కానీ నిదానంగా, ఒక్కొక్క అక్షరం బెల్లంముక్కలా పక్కపక్కన పేర్చినట్టు రాశాడు.

‘ఈ దంపతుల కూతురికి పదిహేడేళ్ళు. తల్లి ఆమెను ఏనాడూ కొట్టలేదు, తిట్టలేదు. కానీ కూతురు ఏ మాట మొదలుపెట్టినా, అది పూర్తయ్యేలోపు తల్లి అందులో తప్పు పట్టుకుంటుంది. తప్పు నిజంగానే ఉంటుంది. అందువల్ల కూతురు ఎదురు చెప్పలేదు. కొన్నేళ్ళకి మాట్లాడటమే తగ్గించింది. తల్లి దాన్ని మంచి గుణం అనుకుంది.’

“అక్కా, చదవవేం? ఏమైంది?”

“ఉండు.”

‘తండ్రి మాటల్లో తప్పులుంటాయి. ఒక్కొక్కటి మూడేసిసార్లు చెబుతాడు. ఇంటిపని ఒక్కటీ ముట్టుకోడు. అయినా ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే చివరిదాకా వింటాడు. కూతురు తండ్రి దగ్గర ఉండాలని నిశ్చయించుకుంది. తల్లి మీద కోపంతో కాదు. తల్లికి ఇది అర్థం కావాలని.’

కింద స్కేలుతో గీసిన గీత. గీత కింద, ‘పై విషయానికి ఒప్పుకుంటున్నాను’ అని ఉంది. దాంట్లోనూ తప్పు లేదు.

పదిహేడేళ్ళులో ళ్ళ ఉంది. నిశ్చయంలో శ ఉంది. కామాలు ఉండాల్సిన చోట ఉన్నాయి. మూడు పేజీల నిండా నేను, నేను అని రాసుకున్న మనిషి ఇక్కడ హఠాత్తుగా ‘తండ్రి’ అయిపోయాడు. ఇంటిపని ముట్టుకోడని తన మీద తనే తన చేత్తో రాసుకున్నాడు. ఏం రాస్తున్నాడో చూసుకోకుండా, ఎదుట పెట్టినదాన్ని అక్షరం పొల్లుపోకుండా దించుకున్నాడన్నమాట.

ఎదుట పెట్టింది ఎవరో తెలుసుకోవడానికి ఆమెకి ఆఖరి వాక్యం చాలు. ‘అర్థం’లో కింద ఒత్తు, ఆ ఒత్తు పొట్టలో చుక్క. లావుగా, గట్టిగా, అద్ది మరీ పెట్టిన చుక్క. “ఒత్తు పొట్టలో చుక్క ఉంటే అర్థం. పొట్ట ఖాళీగా ఉంటే సగమే,” అని ఆరేళ్ళ పిల్లకి నేర్పింది తనే. ఆ పిల్ల తన పక్కన ఇదే బల్ల మీద కూర్చుని మూలప్రతి పైకి చదువుతుంటే, తను ప్రూఫు దిద్దుకునేది. కామాతో సహా చదవాలి, ఫుల్‌స్టాపుతో సహా చదవాలి, అది పద్ధతి. పిల్లకి అదే అలవాటైపోయి ఇంట్లో కూడా “అమ్మా కామా ఆకలేస్తోంది ఫుల్‌స్టాప్” అనేది. అందరూ నవ్వేవాళ్ళు. “ఆకలేస్తోంది తర్వాత ఆశ్చర్యార్థకం రావాలే,” అని అప్పుడు కూడా తను దిద్దింది.

“అక్కా, ఎన్నొచ్చాయి?” అంది ఆపరేటరు, ఇంకా నవ్వు మొహంతోనే.

“పని చూసుకో నువ్వు,” అంది ఆమె. ఆ గొంతు విని ఆపరేటరు గిరుక్కున కంప్యూటరు వైపు తిరిగింది.

మొదట ఆమెకి కోపమే వచ్చింది. ఎవరి మీద రావాలో వాళ్ళ మీద కాకుండా మైకు మీద వచ్చింది. పిల్లని వాడుకున్నాడు, చవట. చేతకానివాడు. తనంతట తను నాలుగు వరసలు రాయలేక పసిదాని చేత రాయించుకున్నాడు. ఆ పిల్ల ఆయన దగ్గరుంటే ఏమవుతుంది? పొద్దున్న లేపేవాళ్ళెవరు, వేళకింత పెట్టేవాళ్ళెవరు? నెల తిరిగేసరికి చుక్క కూడా శోభ అనీ వెల్లింది అనీ రాస్తుంది.

కానీ ఆ కోపం ఎంతోసేపు నిలబడలేదు. ఎవరైనా రాయిస్తే రాసిన వాక్యాలు ఇలా ఉండవు. ఆ సంగతి ఆమెకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. పెన్ను మొన ఆ పేజీ మీద నాలుగుసార్లు పైనుంచి కిందికి జరిగింది, ఎక్కడా ఆగలేదు. ఆమెకి భయం వేసింది. తూర్పు కిటికీ ఉన్న గదిలో బల్ల లేకుండా, పిల్ల లేకుండా తను ఒక్కతే కూర్చుని ఉన్నట్టు కనిపించింది.

కిమ్మనకుండా సంతకం పెడతానంది. తప్పు లేని పేజీ అయితే.

బల్ల సొరుగులో బ్లేడు ఉంది, అంటుకున్న కాగితాలు విడదీసేందుకు. ఇరవై రెండేళ్ళుగా ఆమె వేలకివేల తప్పులు తీసిందే గాని, ఒక్క తప్పు చేత్తో పెట్టి ఎరగదు. అచ్చాఫీసు యజమాని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునే గొప్ప అది.

బ్లేడు మొనతో రెండుసార్లు, మెత్తగా గీకింది. చుక్క పోయింది. వేలితో పొడి దులిపేసింది. తల్లికి ఇది అర్ధం కావాలని. తల్లికి ఇది సగం కావాలని. చక్కని తప్పు.

దాని చుట్టూ ఎర్రగా సున్నా చుట్టింది.

*

మూడున్నరకి ఆమె ఇంటికొచ్చేసరికి మైకు ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందుగదిలో కాచుకుని ఉన్నాడు. అత్తగారు అదే పడక్కుర్చీలో ఉంది.

“ఎన్ని?” అన్నాడు. “ఎన్ని తప్పులు? ఎన్నొచ్చాయి?”

“మొదటి మూడింట్లో కలిపి తొంభై తొమ్మిది. వందో తప్పు ఈ పెళ్ళి.”

“నాలుగోది. నాలుగోది చెప్పు.”

“నాలుగోదాంట్లో ఒకటి.”

ఆయన మొహం మాడిపోయింది. “ఒకటా? ఒకటి ఎలా ఉంటుంది? నేను చూసి…”

“చూసి?”

ఆయన నోరు తెరుచుకునే ఉండిపోయింది. ఆమెకి మరొకప్పుడైతే అదే పండగ.

“చూసి రాశారా? ఎవరిది చూసి రాశారు? చెప్పండి, మైకులో చెప్పినట్టు మూడుసార్లు చెప్పండి. సిగ్గులేదూ, కన్నపిల్లని అడ్డం పెట్టుకుని…”

“నేను రాయమనలేదు,” అన్నాడాయన. ఒక్కసారే అన్నాడు.

“మీరు అనకపోతే అదెందుకు రాస్తుంది?”

“నన్నడుగుతావేం,” అని ఆయన లోపలి గది గుమ్మం వైపు చూశాడు.

చుక్క అక్కడే నిలబడి ఉంది. కాలేజీ నుంచి ఎప్పుడొచ్చిందో. ఎంతసేపటి నుంచి వింటోందో. నెమ్మదిగా వచ్చి తల్లి చేతిలోంచి నాలుగో పేజీ తీసుకుంది. ఎర్ర సున్నా వంక చూసింది.

“నేను పెట్టాను చుక్క,” అంది. “నాన్న రాస్తుంటే పక్కన కూర్చుని, ఆ ఒక్కటీ నేనే పెట్టాను. నాన్నకి మర్చిపోయే అలవాటుందని.”

“మరి లేదుగా,” అంది ఆమె.

చుక్క కాగితం పట్టుకుని కిటికీ దగ్గరికి నడిచింది. ప్రూఫు సరిగా పడిందో లేదో చూసేందుకు ఇలా వెలుగుకి ఎత్తిపట్టాలని నేర్పింది కూడా తల్లే. పిల్ల కాగితం ఎత్తింది. ఆమె నిలబడ్డ చోటుకే కనపడింది, ఎర్ర సున్నా మధ్యలో కాగితం పలచబడి, అక్కడ మాత్రం వెలుగు ఎక్కువ వస్తోంది.

అత్తగారు కుర్చీలో ముందుకి వంగింది. మైకు, “ఏమైంది? ఏంటది?” అంటున్నాడు.

చుక్క ఒక్కసారి తల్లి మొహంలోకి చూసింది. ఆ చూపులో కోపం ఉండి ఉంటే ఆమె తట్టుకునేది. కోపానికి ఆమె దగ్గర ఎప్పుడూ సమాధానం ఉంటుంది. పిల్ల కళ్ళలో ఉన్నది జాలి. ఆమెకి తల ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు. పొద్దున్నుంచీ తను ఎవరిని చూసి నవ్విందో ఆ మనిషి పక్కనే నిలబడి ఉన్నాడు. ఆయన తొంభై తొమ్మిది తప్పులూ కలిసి తన ఒక్క తప్పుకి సాటిరావు.

“ఏం లేదు నాన్నా,” అంది చుక్క. “చుక్క సరిగా ఆనలేదు. అంతే.”

“సిరా సరిగా దిగలేదేమో,” అన్నాడు మైకు. “ఆ పెన్ను అంతే. నేను చెబుతూనే ఉన్నాను, ఆ పెన్ను అంతే.”

“అవును, పెన్ను అంతే,” అంది అత్తగారు, కోడలి మీదినుంచి చూపు తిప్పకుండా.

చుక్క బల్ల మీద కాగితం పరిచింది. నీలం పెన్ను తీసి, ఒత్తు పొట్టలో మళ్ళీ చుక్క పెట్టింది. గీకిన చోటు కదా, సిరా కాస్త పాకింది. పేజీ మొత్తం మీద అన్నిటికంటే పెద్ద చుక్క అదే అయింది.

“ఇప్పుడు చూసుకో,” అని పేజీ తల్లి చేతికిచ్చింది. “ఎప్పటిలాగే. నేను చదువుతాను, నువ్వు చూసుకో.”

“చుక్కా, నేను…”

“ఈ దంపతుల కూతురికి పదిహేడేళ్ళు ఫుల్‌స్టాప్.”

కాగితం చూడకుండానే చదువుతోంది పిల్ల. బట్టీ పట్టినట్టు లేదు. ఎన్నాళ్ళుగానో లోపల తిప్పుకుంటున్నట్టుంది. ఆమె కళ్ళు అలవాటుగా వరసల వెంట వెళ్ళాయి. ‘తప్పు నిజంగానే ఉంటుంది ఫుల్‌స్టాప్’ దగ్గర చుక్క నోట నిజంగానే అన్న మాట తడబడింది. ఆమె పెదవులు విడివడ్డాయి. పళ్ళు బిగించి మూసుకుంది. ఇరవై రెండేళ్ళ అలవాటు అది.

“తల్లి మీద కోపంతో కాదు ఫుల్‌స్టాప్. తల్లికి ఇది అర్థం కావాలని ఫుల్‌స్టాప్.”

చదవడం అయిపోయింది. మైకు గోడ గడియారం వంక చూశాడు, నాలుగుకి పావుగంట ఉంది. ఆయన ఏమీ అనలేదు. కూతురు చదువుతున్నంతసేపూ కూడా ఆయన ఒక్క మాట అనలేదని ఆమెకి అప్పుడు తట్టింది.

“తప్పులున్నాయామ్మా?” అని అడిగింది చుక్క.

“లేవు,” అంది ఆమె.

బల్ల ముందు కుర్చీ లాక్కుని కూర్చుంది. స్కేలుతో గీసిన గీత మీద వేలు పెట్టింది. చెయ్యి దానంతటదే సంచీలోకి వెళ్ళి పెన్ను తీసింది, మూత ఊడదీసింది.

“ఎర్రది పనికిరాదమ్మా, కోర్టు కాగితం,” అని చుక్క తన నీలం పెన్ను ముందుకి జరిపింది.

ఆమె ఎర్ర పెన్ను మూత పెట్టేసింది. నీలం పెన్ను అందుకోలేదు. ఎదురుగా నిలబడ్డ పిల్లని తలెత్తి చూసింది. ఆ మొహాన్ని ఇంత తిన్నగా చూసి ఎన్నాళ్ళయిందో ఆమెకి గుర్తు రాలేదు.

“చుక్కా, సంతకం పెట్టేముందు ఒక్క మాట అడగనా?”

చుక్క తల్లి ఎదురుగా ఉన్న కుర్చీలో కూర్చుంది.

“అడుగమ్మా,” అంది. “నేను మధ్యలో ఆపను.”